ఒకే సిగ్నల్ క్యాబిన్, రెండుసార్లు: 1:160 స్కేల్‌లో మందంతో వచ్చిన చిక్కు

నా మోడల్ రైలు లేఅవుట్ కోసం సిగ్నల్ క్యాబిన్, అంటే సిగ్నళ్లను నడిపే గది, నమూనాను రెండుసార్లు కట్టాను. మొదటి క్యాబిన్‌కు ముప్పై గంటల పని పట్టింది. లేఅవుట్ మీద నాలుగు నెలలు ఉంది. తర్వాత దాన్ని తీసేసి, అదే ఫోటో, అవే కొలతలు ముందు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కట్టాను. రెండోది ఏడాదిన్నరగా నిలబడి ఉంది. రెండిటి పొడవు, వెడల్పు, ఎత్తు ఒకటే. అయినా పక్కపక్కన పెడితే మొదటిది ప్లాస్టిక్ పెట్టెలా, రెండోది ఇటుకతో కట్టిన గదిలా కనిపిస్తాయి. కొలతలు అవే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పొడవునీ ఎత్తునీ 160తో భాగించాను గానీ, మందాన్ని భాగించలేదు. ఈ వ్యాసమంతా ఆ పొరపాటు గురించి, దాన్ని సరిచేయబోతే ఎదురైన కొత్త ఇబ్బందుల గురించి.

స్కేలు, ఫోటో, ఇటుకల లెక్క

నా లేఅవుట్ N స్కేల్, అంటే 1:160, అసలులో 160వ వంతు. అసలు మీటరు ఇక్కడ 6.25 మి.మీ. 2.1 మీటర్ల తలుపు 13 మి.మీ.కు వస్తుంది. 1.75 మీటర్ల మనిషి 11 మి.మీ. లోపే ఉంటాడు. పట్టాల మధ్య దూరం 9 మి.మీ.; దాన్ని 160తో గుణిస్తే 1,440. అసలు స్టాండర్డ్ గేజ్ 1,435 మి.మీ. కాబట్టి లెక్క బాగానే కుదురుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ ఒకటి చూసుకోవాలి. పెట్టె మీద N అని ఉన్నంత మాత్రాన లోపలిది 1:160 అని కాదు. బ్రిటిష్ N నమూనాలు 1:148లో వస్తాయి, జపాన్ నారోగేజ్ రైళ్ల నమూనాలు 1:150లో వస్తాయి. పట్టాలు మాత్రం అందరికీ అవే 9 మి.మీ. నా మొదటి క్యాబిన్ గుమ్మంలో నిలబెట్టిన మనిషి బొమ్మ 1:148ది, ఎత్తు దాదాపు 12 మి.మీ. పదమూడు మి.మీ. తలుపు పక్కన ఆ ఒక్క మి.మీ. ఎక్కువే చాలు, తలుపు పొట్టిగా కట్టానేమో అనిపించడానికి. తలుపును రెండుసార్లు కొలిచాకే తప్పు బొమ్మదని తెలిసింది.

నేను కట్టాలనుకున్న అసలు క్యాబిన్ ఇప్పుడు లేదు. దొరికింది ఒక్క పాత ఫోటో. రెండంతస్తుల మెకానికల్ సిగ్నల్ క్యాబిన్ అది. కింద ఇటుక గది, అందులో ఇంటర్‌లాకింగ్ యంత్రాంగం, అంటే ఒకదానికొకటి అడ్డొచ్చే సిగ్నళ్లు ఇవ్వకుండా ఆపేది. పైన మూడు వైపులా కిటికీలున్న చెక్క గది, అందులో లీవర్ ఫ్రేమ్, అంటే సిగ్నళ్లను కదిపే చేతి మీటల వరస. పక్కన బయటి నుంచి చెక్క మెట్లు. కిటికీల కింద అద్దాలు తుడిచే మనిషి నిలబడడానికి సన్నటి నడవ. పైన స్లేటు పలకల కప్పు.

కొలతలు లేని ఫోటో ఇటుక కట్టడానిదైతే భయం లేదు. స్కేలు గోడలోనే ఉంటుంది, లెక్కపెట్టుకోవడమే. ఈ గోడలో ఒక వరసలో ఇటుకల పొడుగు వైపు, దాని పై వరసలో పొట్టి వైపు కనిపిస్తున్నాయి. పొడుగు వైపు కనిపించే వరసలో లెక్కపెట్టాలి. ముందు గోడకు 32 ఇటుకలు, పక్క గోడకు 16, ఎత్తు 34 వరసలు. దర్జుతో, అంటే ఇటుకల మధ్య కనిపించే అతుకుతో, కలిపి ఇటుక పొడవు 225 మి.మీ., వరస ఎత్తు 75 మి.మీ. అనుకుంటే గది 7.2 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు, పై అంతస్తు నేల 2.55 మీటర్ల ఎత్తులో ఉంటాయి.

ఆ 'అనుకుంటే' దగ్గర తొందరపడకూడదు. ఇటుక సైజు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఇప్పటి బ్రిటిష్ ఇటుక పొడవు 215 మి.మీ. అయితే పాత జర్మన్ ఇటుకది 250 మి.మీ. తప్పు ఇటుక పట్టుకుంటే కట్టడమంతా పదిహేను శాతం దాకా పెరిగిపోతుంది. అందుకే ఫోటోలో ఇంకో కొలబద్ద వెతికాను. ఫోటో పట్టాల వెంట చూస్తూ తీసింది కాబట్టి, పక్క గోడ కెమెరాకు ఎదురుగా ఉంది. ఆ గోడకు సూటిగా, అంతే దూరంలో పట్టాల మధ్య వెడల్పును ఇటుకలతో పోల్చాను. ఆరున్నర ఇటుకలకు కొంచెం తక్కువ వచ్చింది. 1,435ను 225తో భాగిస్తే 6.4. ఇటుక పెద్దదై, దర్జుతో 260 అయ్యుంటే ఐదున్నరే రావాలి. దాంతో 225 ఖాయం చేసుకున్నాను.

మోడల్‌లో అవి ఇలా మారాయి: పొడవు 45 మి.మీ., వెడల్పు 22.5, పై అంతస్తు నేల 15.9, గోడ పైభాగం 32, నడికొప్పు 40. మొత్తం కట్టడం అగ్గిపెట్టె అంత. పొడవులో ఎక్కడా కుదించలేదు. అరవై మీటర్ల గూడ్స్ షెడ్ అయితే 375 మి.మీ. వస్తుంది, దాన్ని కుదించక తప్పదు. సిగ్నల్ క్యాబిన్‌లో ఆ అవసరం రాకపోవడమే దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం.

మొదటి క్యాబిన్‌లో ఏం జరిగింది

కింద గది గోడలకు 0.5 మి.మీ. స్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) షీట్లు రెండు అతికించాను. వాటిలో బయటిది అచ్చొత్తిన ఇటుక షీటు. కిటికీ చువ్వలకు 0.5 మి.మీ. పట్టీలు. కప్పుకు 1 మి.మీ. షీటు, దాని మీద పలకల వరసలుగా 0.25 మి.మీ. పట్టీలు. మెట్లూ చేతిపట్టీ కూడా స్టైరీనే. ఇవన్నీ ఈ పనిలో మామూలుగా వాడే మందాలే. కట్టేటప్పుడు ఏదీ తప్పుగా అనిపించలేదు.

మొదట కంటికి తగిలింది చూరు. ఏమిటో చెప్పలేను గానీ, కప్పు టోపీలా కూర్చున్నట్టు ఉండేది. ఆరు వారాలు గడిచాక ముందు వైపు గోడ లోపలికి వంగింది. మధ్యలో దాదాపు 0.8 మి.మీ. లోతు. మూలమట్టం ఆనించి చూస్తే కింద వెలుతురు కనబడింది. తర్వాత లోపల దీపం పెట్టాను. కిటికీలతో పాటు గోడలు కూడా వెలిగాయి. ఇటుక గోడ లాంతరు కాగితంలా ఎర్రగా మెరుస్తోంది. చివరికి, పొడుగు కోచ్‌లు కొన్నాక మొదటిసారి నడిపిన రోజున, మూడో కోచ్ నడవను గీసుకుంటూ పోయి మెట్లను విరిచేసింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. విరిగింది మెట్లే అయినా, కట్టడం మొత్తాన్ని ఎక్కడో తప్పుగా ఆలోచించానని అప్పుడు అర్థమైంది. బాగుచేయడం మానేసి లెక్క తీశాను.

లెక్క చాలా చిన్నది. ప్రతి ముక్క మందాన్నీ 160తో గుణించడమే. చూరు దగ్గర 1 మి.మీ. షీటు అంటే 160 మి.మీ. మందం పలక, దాని మీద 0.25 మి.మీ. పట్టీ అంటే 40 మి.మీ. మందమున్న స్లేటు. అసలు స్లేటు పలక 6 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. 40 మి.మీ. ఉండాల్సిన కిటికీ చువ్వ 80 మి.మీ. అయింది. అచ్చొత్తిన షీటులో దర్జు గాడి 0.2 మి.మీ. వెడల్పు, అంటే 32 మి.మీ. సిమెంటు. పైగా ఆ గాళ్లలో నేను తెల్లరంగు నింపాను, గోడ గళ్ల గుడ్డలా తయారైంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది గోడ. అది మందంగా కాదు, పలచగా ఉంది. రెండు 0.5 మి.మీ. షీట్లు కలిపితే 160 మి.మీ. ఒక ఇటుక పొడవు మందం గోడ అంటే 215 మి.మీ.కు తక్కువ ఉండదు. గోడ పలచనవడం వల్ల అద్దం గోడ ముఖానికి దాదాపు సమానంగా వచ్చేసింది. అసలు కట్టడంలో అద్దం లోపలికి ఉంటుంది, ఆ లోతు వల్ల పైన నీడ పడుతుంది. నా కిటికీకి నీడ లేదు. అంటే పలచగా ఉండాల్సినవి మందంగా, మందంగా ఉండాల్సింది పలచగా కట్టాను.

తొంభై ఆరు మీటర్ల దూరం

లేఅవుట్ ముందు నిలబడితే నా కంటికీ క్యాబిన్‌కూ మధ్య 60 సెంటీమీటర్లు ఉంటుంది. 160తో గుణిస్తే 96 మీటర్లు. అందుకే ఒక పాత ఇటుక కట్టడం దగ్గరికి వెళ్లి, 96 మీటర్లు అడుగులతో కొలుచుకుని, వెనక్కి తిరిగి చూశాను. ఈ అభిరుచిలో ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో ఇంత ఉపయోగపడింది మరొకటి లేదు.

అక్కడి నుంచి దర్జులు కనిపించలేదు. గోడ ఒకే రంగులా ఉంది, అక్కడక్కడ కొంచెం ముదురు, కొంచెం లేత. అడ్డంగా ఏవో వరసలున్నాయన్న భావన మాత్రం ఉంది. అన్నిటికన్నా బలంగా కనిపించిన గీత చూరు కింద నీడ. తర్వాత కప్పు అంచు, సన్నగా, తిన్నగా. తర్వాత కిటికీలు: చీకటి గుంటల్లా, వాటిలో తెల్ల చువ్వలు స్పష్టంగా.

దీనికి కారణం ఉంది. మామూలు చూపున్న కన్ను విడదీయగలిగే కోణం సుమారు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. 60 సెంటీమీటర్ల దూరంలో అది 0.17 మి.మీ. పది మి.మీ. దర్జు 1:160లో 0.06 మి.మీ. కన్ను దాన్ని ఇటుక నుంచి విడదీయలేదు, రెండు రంగులూ కలిసిపోతాయి. ఇటుక వరస 0.47 మి.మీ. కాబట్టి లీలగా తెలుస్తుంది. కిటికీ చువ్వ సంగతి వేరు. చీకటి మీద తెల్ల గీత అంతకన్నా సన్ననిదైనా కంటికి అందుతుంది. అందుకని చువ్వ కచ్చితంగా ఉండాలి, దర్జు ఉండక్కర్లేదు. నేను మొదటిసారి దీన్ని తలకిందులు చేశాను. దర్జు మీద గంటలు పోశాను, చువ్వకు చేతికందిన పట్టీ అతికించాను.

దగ్గరి నుంచి ఫోటోలు తీసేవాళ్లకు ఈ వాదన నచ్చకపోవచ్చు. కెమెరా అర అడుగు దూరం నుంచి చూస్తుంది, దానికి దర్జు కావాలి. నేను కంటి కోసం కట్టాను.

రెండోసారి: అంచు పలచన, లోపల దన్ను

పలచగా కట్టాలి అనుకోవడం తేలిక. పలచటి స్టైరీన్ వంగుతుంది, వెలుతురును వదిలేస్తుంది, పట్టుకుంటే విరుగుతుంది. మొదటి క్యాబిన్‌లో వచ్చిన సగం సమస్యలు ఆ కోవకు చెందినవే. అందుకే ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను: కంటికి కనిపించే అంచు మాత్రమే పలచగా ఉండాలి, దాని వెనక కనబడని చోట ఎంత మందమైనా ఉండొచ్చు.

గోడకు మధ్యలో 1 మి.మీ. షీటు, ఇరువైపులా 0.25 మి.మీ. షీట్లు. మొత్తం 1.5 మి.మీ., అంటే 240. ఇటుక గోడకు సరిపోయే మందం. రెండు వైపులా సమానంగా అతికించడం ముఖ్యం. మొదటి గోడ వంగడానికి కారణం సాల్వెంట్ జిగురు, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి అతికించేది. రెండు పెద్ద షీట్ల మధ్య ధారాళంగా పోస్తే అది బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది, వారాల తరబడి మెల్లగా ఆరుతూ షీటును ఒక పక్కకు లాగుతుంది. ఈసారి మధ్య షీటులో 5 మి.మీ. దూరంలో చిన్న రంధ్రాలు చేశాను, అతికించని లోపలి వైపు నుంచి ఆవిరి పోనిచ్చి, మూడు రోజుల తర్వాతే లోపలి పొర అతికించాను. జిగురు బ్రష్షుతో తక్కువగా పూసి, గాజు పలకల మధ్య బరువు కింద వారం రోజులు ఉంచాను. సాల్వెంట్ ఆవిరి ఒంటికి మంచిది కాదు, ఈ పని గాలి ఆడే చోటే చేయాలి.

కిటికీ కంతలను గోడలో కోయలేదు. స్టైరీన్‌లో చిన్న కంత కోస్తే మూలలు గుండ్రంగా వస్తాయి, బ్లేడు పక్కన అంచు ఉబ్బుతుంది. కంత చుట్టూ నాలుగు ముక్కలుగా గోడనే పేర్చాను. అద్దాన్ని ముఖం నుంచి 0.6 మి.మీ. లోపలికి దించాను. ఆ ఒక్క మార్పుతోనే కిందటిసారి లేని నీడ వచ్చింది.

ఇటుకకు అచ్చొత్తిన షీటు వదిలేసి కాగితం వాడాను. కంప్యూటర్‌లో 0.47 మి.మీ. వరసలు గీసి, దర్జు రంగును ఇటుక రంగుకు బాగా దగ్గరగా పెట్టి, మ్యాట్ కాగితం మీద అచ్చు వేశాను. నాలుగు గోడలూ పెట్టెగా అతికాక, 16 మి.మీ. ఎత్తున్న ఒకే పట్టీని చుట్టూ తిప్పి, అతుకును వెనక మూలలో పెట్టాను. మూలల దగ్గర మడతకు ముందు వెనక వైపు తేలిగ్గా గీత పెడితే మడత పదునుగా వస్తుంది. కోసిన అంచుల్లో తెలుపు కనిపించకుండా రంగు పెన్సిల్ రాశాను. రంగు వెలవకుండా పైన మ్యాట్ వార్నిష్. కాగితానికి ఎత్తుపల్లాలు ఉండవని కొందరు ఒప్పుకోరు. 96 మీటర్ల నుంచి ఇటుక ఎత్తుపల్లం నాకు కనిపించలేదు. కిటికీ కింది గట్టు, పైన దూలం కనిపించాయి, వాటిని 0.25 మి.మీ. పట్టీలతో పైకి తెచ్చాను.

పై అంతస్తు మొత్తం కిటికీలే. ముందు వైపు 45 మి.మీ.లో ఆరు కిటికీలు, ఒక్కో కిటికీలో అడ్డంగా రెండు, నిలువుగా మూడు గళ్లు. చువ్వలకు 0.25 మి.మీ. పట్టీలు అతికించి రెండుసార్లు ప్రయత్నించాను. జిగురు తగలగానే కరిగి ఉబ్బుతున్నాయి. చివరికి చువ్వలను కట్టడం మానేసి గీశాను. పారదర్శకమైన అసిటేట్ షీటు మీద సూదిమొనతో గీతలు గీసి, వాటిలో తెల్ల యాక్రిలిక్ రంగు రుద్ది, అట్ట ముక్క అంచుతో అడ్డంగా తుడిచేయాలి. గాడిలో ఉన్న రంగు మిగులుతుంది. గీత 0.2 మి.మీ. లోపే వస్తుంది, అంచులు బ్లేడుతో కోసినంత పదునుగా ఉంటాయి. కిటికీ చుట్టూ ఉండే చట్రానికి మాత్రం 0.25 × 0.5 మి.మీ. పట్టీలు పైన అతికించాను, చట్రం అద్దం కన్నా ముందుకు ఉన్నట్టు తెలియాలి కాబట్టి. అద్దం దగ్గర సూపర్‌గ్లూ వాడకండి. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పడుతుంది, తుడిస్తే పోదు. తెల్లజిగురు చాలు.

కప్పు మీద నాకు మక్కువ ఎక్కువ, కొంచెం వివరంగా చెబుతాను. లోపలి దన్ను 0.75 మి.మీ. షీటు. చూరు నుంచి 3 మి.మీ. మేర దాన్ని కింది వైపు నుంచి ఆకురాయితో ఏటవాలుగా అరగదీశాను, అంచు దగ్గర 0.2 మి.మీ. మిగిలేదాకా. పై నుంచి, పక్క నుంచి చూస్తే ఆ సన్నటి అంచే కనబడుతుంది. మందం చూరు కింద నీడలో ఉండిపోతుంది. స్లేటు పలకలకు టిష్యూ కాగితం. మామూలు ప్రింటర్ కాగితం దాదాపు 0.1 మి.మీ., అసలులో 16 మి.మీ. అవుతుంది, పలచటి టిష్యూ అందులో సగం కూడా ఉండదు. దాన్ని ముందు పలచటి బూడిద రంగుతో తడిపి ఆరబెట్టి, 2.7 మి.మీ. పట్టీలుగా కోసి, 1.6 మి.మీ.కు ఒక చీలిక పెట్టాను. పట్టీని సగం పైకి కప్పుతూ, ప్రతి వరసను అర పలక పక్కకు జరుపుతూ కింది నుంచి పైకి. ఒక్కో వాలుకు పదమూడు వరసలు. కుడి ఎడమల రెండు వాలులకు ఒక సాయంత్రం పట్టింది. పూర్తయ్యాక పక్క నుంచి వెలుతురు పడితే వరసలు తెలుస్తాయి, ఎదురుగా పడితే మాయమవుతాయి. అసలు కప్పు కూడా అలాగే ఉంటుంది. కప్పును అతికించలేదు. లోపలి వైపు చిన్న అంచు పెట్టి మూతలా దించాను, దీపం పోతే తీయాలి కదా.

మెట్లు, లీవర్లు, బోల్టులు

ఒకే దూరంలో చాలా ముక్కలు పెట్టాల్సిన చోట నాకు మరలున్న బోల్టులు బాగా ఉపయోగపడ్డాయి. ఒక మెట్రిక్ బోల్టు మీద మరల మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా ఒకటే, మనం చేతితో గుర్తులు పెట్టడం కన్నా చాలా కచ్చితం. 2.55 మీటర్ల ఎత్తుకు పదమూడు మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తు 1.22 మి.మీ., లోతు 1.25 మి.మీ. ఏటవాలు వెంట మెట్టుకూ మెట్టుకూ మధ్య 1.75 మి.మీ. అవుతుంది. ఎం12 బోల్టు మర సరిగ్గా 1.75 మి.మీ. పక్క పట్టీలు రెంటినీ ఒకదానికొకటి తాత్కాలికంగా అంటించి బోల్టు మీద నొక్కి దొర్లిస్తే గుర్తులు పడతాయి. 0.25 మి.మీ. మెట్ల పలకలను ఆ గుర్తుల దగ్గర అతికించాను. చేతిపట్టీకి మాత్రం స్టైరీన్ వద్దనుకుని 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వాడాను. చేయి తగిలినా వంగి మళ్లీ నిలబడుతుంది.

లీవర్లూ ఇదే పద్ధతి. ఎం5 బోల్టు మర 0.8 మి.మీ. ఆ గాళ్లలో ఇరవై సన్నటి తీగలు పేర్చి, మధ్యలో అడ్డంగా ఒక పట్టీ అంటిస్తే లీవర్ ఫ్రేమ్ అయిపోయింది. ఒక్కోటి 7.5 మి.మీ. పొడవు. బ్రిటిష్ పద్ధతిలో రంగులు వేశాను: ఆగమనే సిగ్నళ్లకు ఎరుపు, డిస్టెంట్‌కు (ముందుగా హెచ్చరించే సిగ్నల్) పసుపు, పాయింట్లకు (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాలు) నలుపు, పాయింట్ లాక్‌లకు నీలం, ఖాళీ లీవర్లకు తెలుపు. కిటికీలోంచి చూస్తే రంగులు విడిగా తెలియవు గానీ, అక్కడ ఏదో వరసగా ఉందని తెలుస్తుంది. లోపల ఖాళీగా ఉన్న గది ఎంత మంచి కిటికీల వెనక ఉన్నా ఖాళీ గదే.

దీపం, రంగు

గోడల లోపలి వైపు పెట్టెగా అతికించక ముందే నల్ల రంగు రెండు పూతలు వేసి, పై గదిలో మాత్రం దాని మీద లేత రంగు వేశాను. మూలల అతుకుల్లో కూడా నలుపు నింపాను. చీకటి చేసి చూస్తే ఒక్క కప్పు అంచు దగ్గర సన్నటి గీత మిగిలింది, అక్కడ అల్యూమినియం ఫాయిల్ పట్టీ పెడితే పోయింది.

ఎల్ఈడీ విషయంలో మొదటిసారి 12 వోల్టులకు 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. ఎల్ఈడీకి 3 వోల్టులు పోగా మిగిలిన 9 వోల్టులకు దాదాపు 19 మిల్లీయాంపియర్లు. అది ఆపరేషన్ థియేటర్ వెలుతురు. ఇప్పుడు 10 కిలోఓమ్‌లు, కరెంటు 0.9 మిల్లీయాంపియర్. ఎల్ఈడీ మీద ఒక చుక్క పారదర్శకమైన నారింజ రంగు. దీపం కిటికీలోంచి నేరుగా కనపడకుండా నడికొప్పు కింద దాచాను.

రంగులన్నీ అసలు కన్నా లేతగా కలిపాను. బయట ఎండలో లక్ష లక్స్ దాకా వెలుతురు ఉంటుంది, గదిలో కొన్ని వందలే. అసలు ఇటుక రంగును యథాతథంగా గదిలో పెడితే ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. ఎరుపులో లేత బూడిద కలిపాను, నలుపు కావాల్సిన చోటల్లా ముదురు బూడిద వాడాను. రంగు కూడా మందమే. బ్రష్షుతో చిక్కగా వేసిన 0.05 మి.మీ. పూత అసలులో 8 మి.మీ. గార అవుతుంది. బాగా పలచన చేసి ఎయిర్‌బ్రష్‌తో వేశాను.

స్థలంలో పెట్టడం

ఈసారి కట్టకముందే మామూలు అట్టతో ఒక నమూనా చేసి వారం రోజులు లేఅవుట్ మీద ఉంచాను. మెట్లు, నడవతో సహా. మొదటిసారి ఇంజిన్ ఒక్కటి నడిపి చూసి చోటు చాలుననుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

క్యాబిన్ ఉన్నది 300 మి.మీ. వ్యాసార్థం ఉన్న వంపు లోపలి వైపు. అసలులో అది 48 మీటర్ల వంపు, ఏ ప్రధాన మార్గంలోనూ ఉండదు. ఇళ్లలోని లేఅవుట్‌లన్నిటికీ ఇది తప్పదు, కాబట్టి వంపు మీద కోచ్ ఎంత పక్కకు వస్తుందో అసలు రైల్వేను చూసి అంచనా వేయలేం. లెక్కకట్టాలి. కోచ్ కింద చక్రాలను మోసే రెండు బండ్లు ఉంటాయి. ఇంజినీర్లు బోగీ అనేది వాటినే, మనం వాడుకలో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం. ఆ రెండిటి మధ్య దూరపు వర్గాన్ని, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే, కోచ్ నడుము వంపు లోపలికి ఎంత వస్తుందో తెలుస్తుంది. యూరప్‌లో తిరిగే 26.4 మీటర్ల కోచ్‌లకు ఆ దూరం 19 మీటర్లు. మోడల్‌లో 119 మి.మీ. వర్గం చేసి 2,400తో భాగిస్తే 5.9 మి.మీ. కోచ్ సగం వెడల్పు 8.8 కలిపితే, పట్టాల మధ్య గీత నుంచి 14.7 మి.మీ. దాకా కోచ్ వస్తుంది. నా మొదటి క్యాబిన్ గోడ 16 మి.మీ. దూరంలో ఉంది, నడవ 3.5 మి.మీ. ముందుకు. అంటే నడవ అంచు 12.5 దగ్గర. తగలక ఏమవుతుంది!

ఇప్పుడు గోడను 21 మి.మీ.కు జరిపాను. నడవ అంచు 17.5 దగ్గర ఉంది, కోచ్‌కు దానికి మధ్య 2.8 మి.మీ. ఖాళీ. వంపు బయటి వైపు కట్టేవాళ్లు నడుము కాకుండా కోచ్ మూలను లెక్కవేసుకోవాలి: మొత్తం పొడవు వర్గంలోంచి బోగీల దూరపు వర్గం తీసేసి, మిగిలినదాన్ని అదే ఎనిమిది రెట్లతో భాగించాలి. ఈ కోచ్‌లకు అది 5.4 మి.మీ. వస్తుంది.

గోడలను నేలమట్టం కన్నా 3 మి.మీ. కిందికి పొడిగించి, బేస్‌లో గుంట చేసి అందులో దించాను. తర్వాత మట్టి, కంకర గోడ దాకా తెచ్చాను. కట్టడాన్ని నేల మీద ఊరికే పెడితే కింద సన్నటి నల్ల గీత మిగులుతుంది, ఎంత బాగా కట్టినా గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

ఏడాదిన్నర తర్వాత గోడ తిన్నగానే ఉంది, మూలమట్టం ఆనిస్తే వెలుతురు రావడం లేదు. కప్పు మీద ఒక పలకల వరస చివర లేచింది, జిగురు చుక్కతో దించాను. ఇటుక కాగితం కిటికీ వైపున్న గోడ మీద కొంచెం వెలిసిందేమోనని అనుమానంగా ఉంది, దాచిపెట్టిన ముక్కతో ఆరు నెలలకోసారి పోల్చి చూస్తున్నాను.

ఒక పని వదిలేశాను. ఫోటోలో క్యాబిన్ పక్క స్తంభం నుంచి టెలిగ్రాఫ్ తీగలు వెళ్తున్నాయి. నాలుగు మి.మీ. తీగ 1:160లో 0.025 మి.మీ., తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. నా దగ్గరున్న అతి సన్నటి సాగే దారం 0.25 మి.మీ. అంటే 40 మి.మీ. మందం తీగ. ఒకసారి కట్టి చూశాను, నీళ్ల గొట్టాలు వేలాడుతున్నట్టు ఉంది. తీసేశాను. స్తంభం, దాని మీద పింగాణీ ఇన్సులేటర్లకు బదులు తెల్ల చుక్కలు, అంతవరకే ఉంచాను.